మసక తరఫున వకాల్తా

ఈ మధ్య మా పెద్దమ్మ మనవడొకడు మా అమ్మమ్మకు పళ్ళు కట్టించాడు. ఆవిడ పోయి ఇరవయ్యేళ్ళు కావస్తోంది.

వివరిస్తాను. 1994 సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు, సాయంవేళ వసారాలో కూర్చుని బియ్యం చెరుగుతున్న అమ్మమ్మను నేనొక ఫొటో తీశాను. చీకటి పడుతోంది, నా దగ్గర ఫ్లాషు లేదు. షట్టరును సెకనులో ఎనిమిదో వంతు తెరిచి ఉంచక తప్పలేదు. సరిగ్గా అప్పుడే ఎవరో ఏదో అన్నారు. ఆవిడ ఫక్కున నవ్వి, చేట ఒళ్ళోకి వదిలి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయింది. పైవరుసలో ముందుపళ్ళు రెండు ఊడిపోయినప్పటినుంచీ, నవ్వు వస్తే చాలు, ఆవిడ చెయ్యి దానంతటదే అలా లేచేది. ఆ లేచిన చెయ్యీ, వంగిన తలా, చెదిరిన బియ్యమూ కలగలిసి ఫిల్ము మీద ఒక తెల్లని మసకగా పడ్డాయి. ప్రింట్లు వేసిన స్టూడియోవారు ఆ ఒక్క ఫ్రేమునూ వదిలేశారు. "కదిలిపోయింది సార్, డబ్బులు దండగ" అన్నారు. పట్టుబట్టి వేయించుకున్నాను.

మావాడు మొన్న ఆ బొమ్మను ఏదో కృత్రిమ మేధకు అప్పగించి "బాగు" చేయించాడు. ఇప్పుడు ముఖం మీద ముడతలు లెక్కపెట్టుకోవచ్చు. చేట అల్లిక కనబడుతోంది. కొంగు భుజం మీద బుద్ధిగా ఉంది, చెయ్యి ఒళ్ళో ఉంది, నోటి నిండా ముత్యాల్లాంటి పళ్ళున్నాయి. చుట్టపక్కాలందరూ ఎంత స్పష్టంగా ఉందో అని మురిసిపోయారు. నాకు మాత్రం ఆ ముసలావిడ ఎవరో బోధపడలేదు.

నా కోపం కుర్రవాడి మీద కాదు. స్పష్టంగా ఉన్నదే సత్యమనీ, మసకగా ఉన్నది దోషమనీ మనలో పాతుకుపోయిన మూఢనమ్మకం మీద.

ఈ నమ్మకం ఎంత బలహీనమైనదో ఫొటోగ్రఫీ తొలి అడుగులోనే తేలిపోయింది. 1838లో దాగేర్ పారిస్‌లోని బుల్వార్ దు తాంప్ల్ అనే వీధిని వెండిపూత రేకు మీదికి ఎక్కించాడు. మేడలూ, కిటికీలూ, చెట్లూ ఎంతో నిశితంగా పడ్డాయి. కానీ అంత రద్దీ వీధిలో జనం లేరు, బళ్ళు లేవు. ఎక్స్‌పోజరుకు కొన్ని నిమిషాలు పట్టడంతో కదిలినవన్నీ మాయమైపోయాయి. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకచోట నిలబడ్డ మనిషి ఒక్కడే స్పష్టంగా మిగిలాడు. అంత స్పష్టమైన బొమ్మ చెప్పిన సంగతి ఏమిటి? పారిస్ వీధి నిర్మానుష్యమని! కదలనివాడికే ఉనికి ఉందనే తీర్పు ఆనాడే వెలువడింది. మనం దాన్ని ఇంకా శిరసావహిస్తున్నాం.

1815లో కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్‌కు నలభై ఎనిమిదో ఏట, 1863లో, కూతురూ అల్లుడూ కెమేరా బహూకరించారు. లెన్సు తిప్పుతూ, తన కంటికి బొమ్మ అందంగా తోచినచోట ఆవిడ ఆగిపోయేది. ఇంకా నిశితం చెయ్యడానికి పూనుకునేది కాదు. ఫోకస్ చేతకాదని ఆనాటి పెద్దలు వెక్కిరించారు. ఆవిడ తీసిన హెర్షెల్, టెన్నిసన్ ముఖాలు ఈనాటికీ మనవైపు చూస్తున్నాయి. వెక్కిరించినవారు తీసిన ఫొటోలు మనలో ఎందరికి గుర్తున్నాయి?

అలాగని నిశితత్వానికి నేను శత్రువును కాను. 1932లో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ ప్రభృతులు "ఎఫ్ 64" బృందంగా ఏర్పడి, ఫొటోలను పనిగట్టుకుని వర్ణచిత్రాల్లాగా మెత్తబరిచే ఫ్యాషన్ మీద తిరగబడ్డారు. వారి కోపం న్యాయమైనదే. అలవాటుగా మారిన మసక కూడా ఒక వేషమే. కానీ ఒక వేషాన్ని ఖండించడానికి పుట్టిన పద్ధతి అందరికీ శాసనమై కూర్చోవడం న్యాయం కాదు.

అన్నిటికన్నా విడ్డూరమైనది ఈనాటి మన ద్వంద్వనీతి. 1968-69లలో జపాన్‌లో "ప్రొవోక్" అనే పత్రికలో దైదో మొరియామా తదితరులు గరుకుగా, కదిలిపోయి, ఫోకస్ తప్పిన ఫొటోలను సవాలుగా అచ్చువేశారు. ఆ మూడు లక్షణాలను వారి భాషలో అరే, బురే, బొకే అంటారు. ఆ మూడో మాటనే లెన్సుల వ్యాపారం పట్టుకుపోయింది. ఇవాళ ముఖం వెనుక నేపథ్యాన్ని కరిగించి చూపించే ఫోను కోసం వేలకు వేలు పోస్తాం. అంటే కొనుక్కున్న మసక గౌరవనీయం, దానంతటది పుట్టిన మసక నేరం!

కవిత్వం దగ్గర మనం ఇలా లేము. తొమ్మిదో శతాబ్దిలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రాసినప్పటినుంచీ, చెప్పకుండానే స్ఫురించే అర్థానికే పెద్దపీట వేస్తున్నాం. అన్నీ విడమరచి చెప్పిన పద్యాన్ని పెదవి విరిచి పక్కన పెడతాం. ఆ సహృదయులమే ఫొటో దగ్గరికి వచ్చేసరికి వెంట్రుక వెంట్రుకా లెక్క అప్పజెప్పమని దబాయిస్తాం.

చేతకానివారికి ఇదొక సాకు అవుతుందని కొందరంటారు. ఆ ప్రమాదం ఉంది, ఒప్పుకుంటాను. ఎక్స్‌రే మసకగా ఉంటే వైద్యుడు ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు. శాసనపాఠం చదవడానికి తీసే ఫొటోలో అక్షరం చెరగకూడదు. నేను తీసిన కదిలిపోయిన ఫొటోల్లో నూటికి తొంభై చెత్తే, పారేశాను. ఉంచాలా పారెయ్యాలా అనడానికి నాకున్న కొలత ఒక్కటే: ఆ మసకను తీసేస్తే బొమ్మలో ఏమైనా పోతుందా? ఏమీ పోకపోతే అది పొరపాటే. ఏదైనా పోతే, ఆ బొమ్మ ఉన్నది ఆ మసకలోనే.

ఈ కొలత ఇదివరకటికన్నా ఇప్పుడు ఎక్కువ అవసరం. స్టూడియోవారు నా ఫ్రేమును వదిలెయ్యడం మాత్రమే చేశారు, నెగటివ్ జోలికి పోలేదు. నేటి యంత్రం వదిలెయ్యదు, పూరిస్తుంది. 2023లో ఒకాయన చంద్రుడి బొమ్మను కావాలనే మసకబరిచి, కంప్యూటరు తెర మీద పెట్టి, గదిలో దూరంగా నిలబడి ఫోనుతో ఫొటో తీశాడు. తెర మీది బొమ్మలో లేని గుంతలను ఫోను చూపించింది. చంద్రుడి విషయంలో అది తమాషా. చంద్రుడికి గుంతలున్న మాట నిజమే కనుక నష్టం లేదు. మా అమ్మమ్మకు పళ్ళు లేవు. తెలియనిచోట తెలియదని ఒప్పుకునే నిజాయితీ మసకకుంది. ఆ నిజాయితీని చెరిపి, లోకంలో సగటు ముసలమ్మలకు ఉండే నోటిని తెచ్చి ఆవిడకు అతికించారు.

పోయిన వారం మావాడు ఇంటికి వచ్చినప్పుడు పాత ప్రింటును చేతికిచ్చాను. చాలాసేపు చూశాడు.

"ఇందులో తాతమ్మ మొహం దగ్గర ఈ తెల్లగా ఉన్నదేమిటి బాబాయ్, చెయ్యా?" అన్నాడు.

"చెయ్యే. కొంగు."

"నవ్వుతూ మొహం ఎందుకు దాచుకుంటోంది?"

ఆవిడ గురించి వాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. "బాగు" చేసిన ఫొటో వాడి ఫోనులో నెల రోజులున్నా, ఆ ప్రశ్న పుట్టలేదు. కూర్చోబెట్టి చెప్పాను.

మీ ఇళ్ళలోనూ పాత ఆల్బముల వెనుక కవర్లలో ఇలాంటి కదిలిపోయిన ఫొటోలు కొన్ని ఉండే ఉంటాయి. పారెయ్యకండి. దయచేసి బాగు చేయించకండి.