ఏ నీళ్లు మంచినీళ్లు?

ఎండన పడి వచ్చిన చుట్టానికి ముందుగా ఇచ్చేది చెంబెడు మంచినీళ్లు. ఆ తర్వాతే చాయైనా, అన్నమైనా. మరి ఆ నీళ్లు నిజంగా మంచివేనా అని ఎప్పుడైనా ఆలోచించారా?

వరంగల్ నుంచి ఖమ్మం పోయే దారిలో ఉన్న తొర్రూరులాంటి ఊళ్లో ఒకే ఇంట్లో మూడు రకాల నీళ్లు కనిపిస్తాయి. వాకిట్లో నల్లా, పెరట్లో బోరు, వంటింటి మూలన ఇరవై లీటర్ల క్యాను. “నల్లా నీళ్లు మందు వాసన వదినా, క్యానే నయం” అని ఒకరంటే, “మా బోరు నీళ్లు కొబ్బరినీళ్లే” అని ఇంకొకరు. అందరం నాలుకతోనే తీర్పు చెప్పేస్తాం. చిక్కంతా అక్కడే ఉంది. నీళ్లలోని అసలు ప్రమాదాలకు చాలాసార్లు రుచీ ఉండదు, రంగూ ఉండదు.

ముందు బోరు సంగతి చూద్దాం. భూమి లోపలి రాళ్ల నుంచి ఫ్లోరైడు నీళ్లలోకి దిగుతుంది. పక్కనున్న నల్గొండ ప్రాంతం దీనివల్ల ఎంత బాధపడిందో తెలియనిదెవరికి? మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. అది మించిన నీళ్లను ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లు గారపడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలూ దెబ్బతింటాయి. ఒకసారి పడిన గార తోమితే పోదు. మరి కాచి తాగితే? కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఇక నల్లా. 2016లో మొదలైన మిషన్ భగీరథ కింద కృష్ణా, గోదావరి నీళ్లను శుద్ధి చేసి ఊళ్లకు పంపుతున్నారు. నది నీళ్లలో సాధారణంగా ఫ్లోరైడు తక్కువే. ఇక్కడి భయం వేరు. పైపు పగిలి మురుగు కలిస్తే క్రిములు చేరతాయి. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో అలా కలుషితమైన నీళ్లు ప్రాణాలే తీశాయి. కాబట్టి పట్నం నీళ్లు మేలు, మన ఊరి నీళ్లు కీడు అనుకోకండి. జలమండలికైనా, చిన్న పురపాలక సంఘానికైనా కొలత ఒక్కటే. మనం విసుక్కునే ఆ మందు వాసనే క్రిములకు కాపలా. వెడల్పు గిన్నెలో పోసి, పైన పల్చటి గుడ్డ కప్పి కాసేపు ఉంచితే వాసన తగ్గుతుంది.

క్యాను నీళ్లలో ఫ్లోరైడు బాగా తగ్గుతుంది, నిజమే. కానీ యంత్రంలో జల్లెడ మార్చారా, క్యాను కడిగారా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద పొరపాటు మన వంటింట్లోనే జరుగుతోంది. తాగడానికి క్యాను, వంటకు బోరు! బోరులో ఫ్లోరైడు ఉంటే అన్నంలో, పప్పులో, చాయలో అది మళ్లీ మన పిల్లల కడుపులోకే పోతుంది కదా?

అందుకని ఇవి గుర్తుంచుకోండి:

* బోరు నీళ్లను పరీక్ష చేయించనిదే వంటకూ వాడకండి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే మరీ ముఖ్యం.

* నల్లా నీళ్లు మురికిగా వచ్చినా, దుర్వాసన వచ్చినా తాగకండి, వెంటనే ఫిర్యాదు చేయండి. అనుమానం ఉన్నన్నాళ్లూ తెర్లే దాకా కాచి, చల్లార్చి తాగండి.

* పటిక వేస్తే మడ్డి దిగుతుంది, అంతే. క్రిములు చచ్చాయనుకోకండి.

* బిందెలో చెయ్యి ముంచకండి, కాడ ఉన్న గరిటె వాడండి.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలని పెట్టారు. మీ ఊళ్లో వాళ్లెవరో పంచాయతీలో అడగండి. పట్టణమైతే పురపాలక కార్యాలయంలో పరీక్ష ఫలితం చూపించమనండి. బియ్యంలో రాళ్లేరకుండా అన్నం వండం కదా, నీళ్ల దగ్గర మాత్రం మొహమాటం ఎందుకు?