నేలలో కన్నం

పిల్లలూ! ఇంగ్లండులో ఉన్న మా అబ్బాయి ఇల్లులాంటి మోటారుబండి కొన్నాడు. పడకలూ వంటిల్లూ అన్నీ అందులోనే! చలికాలానికని గ్యాసు హీటరు కొత్తగా పెట్టించాడు. నేను అక్కడ ఉండగానే మెకానిక్కు పరీక్షకు వచ్చాడు. గొట్టాల అతుకులకు సబ్బునీళ్లు పూశాడు. ఒకచోట బుడగలు పొంగాయి. గ్యాసు కారుతున్నదన్నమాట! నట్టు బిగించి మళ్లీ పూస్తే బుడగ లేదు. (అగ్గిపుల్ల గీసి చూసేరు, కొంప మునుగుతుంది!)

ఇంతలో మా మనుమడు, నేలలోని కన్నంలోంచి చలిగాలి వస్తున్నదని దానిమీద కంబళి పరిచాడు. మెకానిక్కు చప్పున లాగేశాడు. బండిలో వాడే ప్రొపేను గ్యాసు గాలికన్న సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. కారితే పైకి పోదు, నీళ్లలాగా అడుగున చేరుతుంది. అది బయటికి పోవడానికే ఆ కన్నం.

ఆ రాత్రి కంబళి మనుమడే కప్పుకున్నాడు.