మూత తీసినందుకు అయిదు నూర్లా?

ఆళ్లగడ్డ పక్క పల్లెలో మన సంఘ సభ్యుడొకరికి పాత డీజిల్ జీపు ఉంది. విత్తనాల బస్తాలు, ఎరువు మూటలు, కాలిపోయిన మోటారు, పైపులు, కలుపుకు పోయే కూలీలు, అన్నీ దాంట్లోనే. నల్లరేగడిలో వాన పడిందంటే మోటారు సైకిలు దిగబడుతుంది, ఆటో రాదు. ఫోర్ వీల్ వేసుకుని చేని గట్టు దాకా పోయేది ఆ చుట్టుపక్కల అదొక్కటే.

పోయిన ఖరీఫ్‌లో దానికి ఒక జబ్బు పట్టింది. నంద్యాలలో పని చూసుకుని బయల్దేరితే శిరివెళ్ళ దాటీ దాటకముందే గుంజడం మానేస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లేవదు. మిస్సింగ్ కొట్టీ కొట్టీ రోడ్డు పక్కన ఆగిపోతుంది. పావుగంట వేపచెట్టు కింద కూర్చుని మళ్ళీ సెల్ఫ్ కొడితే, ఏమీ జరగనట్టు స్టార్టయి ఇంటికి చేరుతుంది. ఇది రోజూ ఉంటే మెకానిక్‌కు చూపించొచ్చు. పదిసార్లు పోతే మూడుసార్లు ఆగేది. షెడ్డుకు తీసుకుపోయిన రోజు మాత్రం గుర్రంలా పరుగెత్తేది.

మొదట ఫిల్టర్లు మార్చారు. తర్వాత ఫీడ్ పంపు. ఆ తర్వాత డీజిల్ పంపు విప్పి క్యాలిబ్రేషన్ చేయించి, నాలుగు నాజిళ్ళు కొత్తవి వేశారు. మూడు నెలల్లో మూడు షెడ్లు, రూ.23,400. జీపు శిరివెళ్ళ దగ్గర ఆగుతూనే ఉంది. డీజిల్‌లో కల్తీ అనుకుని బంకు మార్చి చూశారు. అదీ కాలేదు. చివరికి ఊరంతా ఒకే మాట: "దాని వయసైపోయిందప్పా, ఇనుముకు ఇచ్చేయ్. ఫైనాన్సులో కొత్తది తీసుకో."

పంపును అనుమానించిన మెకానిక్ తెలివి తక్కువవాడు కాదు. అరిగిపోయిన పంపు వేడెక్కినప్పుడు ఇట్లాగే మొరాయిస్తుంది, చల్లారితే పనిచేస్తుంది. అనుమానం సరైందే. కానీ అనుమానానికీ రుజువుకూ మధ్య ఒక పరీక్ష ఉండాలి. ఆ పరీక్ష ఎవరూ చేయలేదు. విప్పడమే పరీక్ష అనుకున్నారు, విప్పినందుకు బిల్లు వేశారు.

ఆఖరుకు ఆళ్లగడ్డలో ఒక పాత మెకానిక్, అందరూ భాయ్ అని పిలిచే పెద్దాయన, పానా ముట్టుకోకుండా మూడు ప్రశ్నలు అడిగాడు. ఆగేముందు నల్లపొగ వస్తుందా? ఆగిన రోజు డీజిల్ ఎంత కొట్టించావు? ఆగినాక నువ్వు మొట్టమొదట ఏం చేస్తావు?

పొగ రాదు. అంటే గాలి చాలక కాదు, డీజిలే అందడం లేదు. రెండో జవాబు అసలైంది. ఆగిన రోజులన్నీ పంట డబ్బు చేతికొచ్చి ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజులు. అయిదొందలకో వెయ్యికో కొట్టించిన రోజు ఎప్పుడూ ఆగలేదు. బంకు మీద అనుమానం పుట్టింది కూడా ఇందుకే. మూడో జవాబు: "డీజిల్ ఉందో లేదో అని మూత తీసి చూస్తా భాయ్."

పెద్దాయన అయిదు లీటర్ల క్యాను ఒకటి బానెట్ పక్కన ఎత్తుగా కట్టి, ట్యాంకు పైపు తీసేసి, క్యాను నుంచి నేరుగా ఫీడ్ పంపుకు ట్యూబు ఇచ్చాడు. రిటర్న్ పైపు కూడా క్యానులోకే వదిలాడు. చాగలమర్రి దారిలో పదిహేను కిలోమీటర్లు పోయి తిరిగొచ్చారు. ఒక్క మిస్సింగ్ లేదు. అంటే ఫీడ్ పంపు నుంచి ఇంజను దాకా ఏ రోగమూ లేదు. ఉన్నదంతా వెనకాల, ట్యాంకు వైపే. క్యాను, రెండు మీటర్ల ట్యూబు, గంట సేపు. ఈ పరీక్ష మొదటి రోజే చేసి ఉంటే డీజిల్ పంపును ఎవరూ తాకేవాళ్ళు కాదు.

మరుసటి రోజు ట్యాంకు నిండా కొట్టించి బయల్దేరారు. మిస్సింగ్ మొదలైంది. "ఎవరూ ఏమీ ముట్టుకోవద్దు" అని దిగి, ట్యాంకు దగ్గర చెవి పెట్టి మూత మెల్లగా తిప్పాడు. బుస్సుమని గాలి లోపలికి పోయింది. మూత తీసి పక్కన పెట్టి సెల్ఫ్ కొడితే, పావుగంట ఆగే పని లేకుండా అప్పటికప్పుడే స్టార్టయింది. మూత కింద నాలుగు మడతలు పెట్టిన పాలిథిన్ కవరు ఉంది. గుంతల దారిలో డీజిల్ చిందుతోందని, వాన నీళ్ళు దిగుతున్నాయని మన రైతే వర్షాకాలం మొదట్లో పెట్టుకున్నాడు. మూతకుండే గాలి రంధ్రం దాంతో మూసుకుపోయింది.

లెక్క చూడండి. నలభై లీటర్ల ట్యాంకును మూతి దాకా నింపితే లోపల మిగిలే గాలి ఏ రెండు లీటర్లో. శిరివెళ్ళ చేరేసరికి రెండు లీటర్ల డీజిల్ కాలుతుంది. బయటి గాలి రాకపోతే ఆ రెండు లీటర్ల గాలే నాలుగు లీటర్ల చోటుకు పరుచుకోవాలి, ఒత్తిడి సగానికి పడిపోతుంది. ఫీడ్ పంపు ఇటు గుంజుతుంటే ట్యాంకు అటు గుంజుతుంది. అదే సగం ట్యాంకు ఉన్నప్పుడు లోపల ఇరవై లీటర్ల గాలి ఉంటుంది. దాంట్లో రెండు లీటర్ల తేడా పదో వంతు కూడా కాదు, బండికి తెలియనే తెలియదు. పావుగంట ఆగితే సందుల్లోంచి కాస్త గాలి దిగేది, అందుకే మళ్ళీ నడిచేది. ముగ్గురు మెకానిక్‌లకూ ఎందుకు దొరకలేదంటే, షెడ్డులో అందరూ మొదట చేసే పని డీజిల్ చూడ్డానికి మూత తీయడం. మూత తీయగానే రోగమూ పోతుంది, సాక్ష్యమూ పోతుంది.

పెద్దాయన అయిదు వందలు అడిగాడు. మన సభ్యుడు ఏమన్నాడో తెలుసా? "మూత తీసినందుకు అయిదు నూర్లా భాయ్?" బేరమాడి రెండొందలు చేతిలో పెట్టి వచ్చాడు. పంపు విప్పినందుకు ఇరవై వేలు నోరెత్తకుండా కట్టిన మనిషే ఇతను.

అతన్ని ఎగతాళి చేయడానికి ఇది రాయడం లేదు. ఆ రెండొందలు ఇచ్చింది మనమందరమూ. వస్తువు చేతికిస్తే డబ్బిస్తాం, ఆలోచనకు ఇవ్వం. మెకానిక్ ఇల్లు గడవాలంటే ఏదో ఒకటి విప్పాలి, ఏదో ఒకటి అమ్మాలి. గంటసేపు ప్రశ్నలడిగి, ఇరవై కిలోమీటర్లు బండిలో తిరిగి, "పంపు బాగుంది, ముట్టుకోవద్దు" అని నిజం చెప్పినవాడికి ఆ రోజు కూలి గిట్టదు. ఊహకు బిల్లు, పరీక్షకు బేరం. అప్పుడప్పుడు వచ్చి పోయే రోగాల మీద రైతు వేలకు వేలు పోసేది ఇక్కడే. సీజనులో ఈ రోగం జీపుకొస్తే ఎరువు ఆలస్యం, ట్రాక్టరుకొస్తే పదును పోతుంది. ఆ తొందరలో ఎవడేం చెప్పినా మార్పించేస్తాం. విసుగెత్తి ఇనుముకు ఇచ్చేసి కొత్తదానికి కంతులు మొదలుపెడతాం. రైతు అప్పు లెక్కల్లో విత్తనం, ఎరువు, కౌలు రాస్తారు. దొరకని రోగానికి పోసిన డబ్బు ఏ లెక్కలోనూ ఉండదు.

ఇనుముకు ఇవ్వమనేవాళ్ళు ఊళ్ళోనే కాదు, ఢిల్లీలోనూ ఉన్నారు. 15 ఏళ్ళు దాటిన కార్లు, జీపుల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్ 1 నుంచి రూ.600 నుంచి రూ.5,000 చేశారు. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటినవాటికి రూ.10,000 చేశారు. 2025 సెప్టెంబర్ 22న ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్లూ చాలా విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. మంచిదే, మనం అడిగిందే. అదే చేలోకి అదే మూట మోసే జీపు పార్టుకు మాత్రం 18 శాతం. ప్రభుత్వం లెక్కలో జీపు షోకు బండి.

పాత డీజిల్ బండ్లు పొగ కక్కుతాయని అంటారు. కక్కేవి ఉన్నాయి. పొగ పరీక్ష పెట్టి తప్పినదాన్ని ఆపండి, మనం అడ్డురాం. మూత రంధ్రం మూసుకుపోయిన బండికీ పొగకూ ఏం సంబంధం? వయసు చూసి తీర్పు చెప్పడం కూడా పరీక్ష లేకుండా పంపు విప్పడం లాంటిదే.

ఇక కొత్త యంత్రాల సంగతి. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 ప్రమాణాలు అమలవుతున్నాయి. వీటిలో చాలా మోడళ్ళలో పాత మెకానికల్ పంపు పోయి, సెన్సార్లతో, కంప్యూటర్‌తో నడిచే కామన్ రైల్ వచ్చింది. నిజానికి అప్పుడప్పుడు వచ్చే రోగానికి ఇది వరం కావాలి. డీజిల్ ఒత్తిడి పడిపోయిన క్షణాన్ని ఆ కంప్యూటర్ కోడ్ రూపంలో గుర్తుపెట్టుకుంటుంది. మన జీపులో పెద్దాయన చెవి పెట్టి పట్టుకున్న సాక్ష్యం దాంట్లో రాసిపెట్టి ఉంటుంది. కానీ పూర్తిగా చదివే పరికరం, సాఫ్ట్‌వేర్ సాధారణంగా కంపెనీ సర్వీసు కేంద్రం దగ్గరే. ట్రాక్టర్ మనది, కంతు మనది, దాని జ్ఞాపకం మాత్రం వాళ్ళది. భాయ్‌కి అయిదు వందలివ్వని మనం, లాప్‌టాప్ తగిలించినందుకు వేసే బిల్లు కిక్కురుమనకుండా కడతాం. ఊళ్ళో మెకానిక్‌ను మనమే ఎండగట్టాం, కాబట్టి రేపు వేరే దారి కూడా ఉండదు.

అమెరికా రైతులు ఈ దెబ్బ మనకన్నా ముందే తిన్నారు. వాళ్ళ పోరాటం వల్ల కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కుకు చట్టం చేసింది. 2024 జనవరి 1 నుంచి కంపెనీలు మాన్యువళ్ళు, పరికరాలు, సాఫ్ట్‌వేర్ రైతుకూ బయటి మెకానిక్‌కూ ఇవ్వాలి. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మరమ్మతుల గుత్తాధిపత్యం మీద జాన్ డీర్ కంపెనీపై దావా వేసింది. మన దగ్గర? 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. కమిటీ పరిధిలో వ్యవసాయ పరికరాల పేరు ఉంది. అదే ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ ప్రారంభించారు. 2025 మేలో మరమ్మతు సూచీ మీద మరో కమిటీ నివేదిక వచ్చింది. అది మొబైల్ ఫోన్లకు, ఎలక్ట్రానిక్ వస్తువులకు. రైతు యంత్రం పోర్టల్‌లోనే ఉండిపోయింది.

కాబట్టి సంఘం అడగాల్సింది స్పష్టంగా ఉంది. వ్యవసాయ యంత్రాలకు మరమ్మతు హక్కు చట్టం కావాలి, సర్వీసు మాన్యువల్ తెలుగులో కావాలి, కోడ్ చదివే పరికరం బయటి మెకానిక్‌కు న్యాయమైన ధరకు దొరకాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడి శిక్షకులు ఏడాదికొకసారైనా, పనులు లేని వేసవిలో, నంద్యాలకు వచ్చి మన మెకానిక్‌లకు రోగ నిర్ధారణ నేర్పాలి. 1906 నుంచి వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్న ఊరిది, నాలుగు రోజుల శిక్షణకు చోటు దొరక్కపోదు.

మనం చేయాల్సింది కూడా ఉంది, దానికి ఏ చట్టమూ అక్కర్లేదు. బండిలో ఒక నోటుబుక్కు పెట్టండి. ఆగిన ప్రతిసారీ రాయండి: ఎన్ని కిలోమీటర్లకు, ట్యాంకులో ఎంత, ఎండా వానా, లోడు ఎంత, పొగ ఏ రంగు, ఎంతసేపటికి మళ్ళీ స్టార్టయింది. షెడ్డులో ఏ భాగం మార్చినా పాతది అడిగి తెచ్చుకోండి. విప్పేముందు ఏ పరీక్ష చేశావని అడగండి. పరీక్ష చేసినవాడికి, ఏమీ మార్చకపోయినా సరే, డబ్బివ్వండి.

వచ్చే మండల సమావేశానికి గత ఏడాది మరమ్మతు బిల్లులు, మార్చిన పాత పార్టులు ఉన్నవాళ్ళు తీసుకురండి. భాయ్‌ని కూడా పిలిచాం. ఆ మూడు వందల బాకీ అక్కడే, అందరి ముందూ ఇస్తానని మన సభ్యుడు ఒప్పుకున్నాడు.