నకల్ కంప్యూటర్, అసలు తాలీమ్

రేడియో, మోటారు, గడియారం బాగుచేసే ఉస్తాదులు మన ఖాందాన్లలో ఎందరో ఉన్నారు. వాళ్లే పిల్లలతో "ఈ పని మనతోనే పోనీ, నువ్వు చదువుకో బేటా" అంటారు. హునర్ ఒక దారి, ఇల్మ్ ఇంకో దారి అని మన ఖయాల్. ఈ రెండింటినీ కలిపే షౌక్ ఒకటుంది: పాత కంప్యూటర్‌కు నకల్ కట్టడం.

1976లో అమెరికాలో మాస్ టెక్నాలజీ కంపెనీ తెచ్చిన కిమ్-1నే చూడండి. ఒకే బోర్డు. పెట్టె లేదు, తెర లేదు. 6502 ప్రాసెసర్, ఆరు ఎర్ర అంకెలు, చిన్న కీప్యాడ్, సుమారు 1 కిలోబైటు మెమరీ. ఖీమత్ 245 డాలర్లు. అందులోని 6530 చిప్‌లు ఇప్పుడు తయారు కావు. అందుకే నకల్ కట్టేవాళ్లు 6532 చిప్‌కు వేరే రామ్, రోమ్ చిప్‌లు జోడిస్తారు.

కొందరు దాన్ని ముక్కలుగా కడతారు. ప్రాసెసర్‌కు ఒక బోర్డు, మెమరీకి ఒకటి, అంకెలకూ కీప్యాడ్‌కూ ఒకటి. అన్నీ కింద ఒక పెద్ద బోర్డులో గుచ్చుకుంటాయి. "ఒకే బోర్డు మీద లేనిది కిమ్ ఎలా అవుతుంది?" అని ఏతరాజ్ చేసేవాళ్లున్నారు. అల్మారీలో అలంకరించడానికైతే వాళ్ల మాటే సహీ. పిల్లల తాలీమ్‌కు మాత్రం ముక్కలదే మేలు.

ఒకే బోర్డు పలక్కపోతే పిల్లవాడికి ఎక్కడ వెతకాలో తెలియదు. ముక్కలైతే హకీం నబ్జ్ పట్టినట్టు వరుసగా చూడొచ్చు. 5 వోల్టులు వస్తున్నాయా? క్లాక్ కొట్టుకుంటోందా? రీసెట్ సరిగ్గా ఉందా? మర్జ్ ఏ బోర్డులో ఉందో దొరుకుతుంది, ఆ ఒక్కదాన్నే తీసి సరిచేయొచ్చు. ఖర్చు కూడా నెలకో బోర్డుగా పంచుకోవచ్చు.

"4 జీబీ ఫోన్ జేబులో ఉండగా ఈ తమాషా ఎందుకు?" అని అబ్బాజాన్‌లు అడుగుతారు. నిజమే, ఫోన్ మెమరీ దీనికి నలభై లక్షల రెట్లు. కానీ ఫోన్ తన లోపలికి ఎవరినీ రానివ్వదు. కిమ్‌లో రెండు అంకెలు కూడాలంటే పిల్లవాడే ఒక్కో హుకుమ్ నొక్కాలి: పాత హాసిల్ తుడవడానికి 18, మొదటి అంకె తేవడానికి ఎ5, రెండోది కలపడానికి 65, జవాబు దాచడానికి 85. ఏ అంకె ఎక్కడుందో కూడా తనే చెప్పాలి. కరెంటు పోతే మెమరీ ఖాళీ, మళ్లీ మొదటి నుంచి. సబర్ కూడా అక్కడే నేర్చుకుంటాడు.

కాబట్టి బేటా అయినా బేటీ అయినా, టంకం వేసేటప్పుడు ఇంట్లోని ఉస్తాదును పక్కన కూర్చోబెట్టండి. మామూ చేతిలోని హునర్‌కూ, భాంజీ కితాబులోని ఇల్మ్‌కూ ఒకే మేజా చాలు.