కొరియా విద్యార్థులకు ఆంగ్లం - మనకు అర్హత లేదా?



ఆ మధ్య మన పూర్వ విద్యార్థి ఒకడు నన్ను చూడవచ్చినాడు. ఆంగ్లంలో ఎం.ఏ., ఆపై బి.ఇడి. చేసినవాడు. కొరియా దేశపు పిల్లలకు ఆంగ్లం బోధించే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకొన్నాడు. ఆ సంస్థవారు అతని పాఠం వినలేదు, ఒక్క ప్రశ్నయినా అడుగలేదు. "ఆంగ్లం మీ మాతృభాష కాదు కదా" అని త్రిప్పి పంపినారట. "సార్, ఎంత చదివినా ఆ భాషకు మనం పరాయివాళ్ళమేనా?" అని అడిగినాడు. ఆనాడు నాకు సరియైన సమాధానం తోచలేదు. ఈ వ్యాసం అతనికి నేను బాకీపడిన సమాధానం.

కొరియాలో ఆంగ్లం కోసం పడే తపన సామాన్యమైనది కాదు. 1997 నుండి ప్రాథమిక పాఠశాల మూడవ తరగతిలోనే ఆంగ్లబోధన ఆరంభిస్తున్నారు. ఏటా నవంబరులో జరిగే కళాశాల ప్రవేశ పరీక్షలో ఆంగ్లం విని సమాధానాలు వ్రాసే భాగం నడిచేటప్పుడు, చప్పుడు కాకుండా దేశమంతటా సుమారు 35 నిమిషాల పాటు విమానాలు ఎక్కడం, దిగడం నిలిపివేస్తారు. ఇంతటి శ్రద్ధ ఉన్నచోట ఉపాధ్యాయులకు గిరాకీ ఉండడంలో వింత లేదు. అయితే విదేశీ ఆంగ్లోపాధ్యాయులకిచ్చే వీసా సామాన్యంగా ఏడు దేశాల పౌరులకే పరిమితం: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా. 2010 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన భారత-కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం వల్ల, తగిన డిగ్రీ, బోధనార్హత గల భారతీయులకు సహాయక ఆంగ్లోపాధ్యాయులుగా వెళ్ళే దారి ఒకటి ఏర్పడింది. దారి ఇరుకైనదే. "సహాయక" అన్న విశేషణమూ వదలలేదు. అయినా దారి ఉన్నది.

ఇక అసలు ప్రశ్న. మాతృభాష కావడమే బోధనకు అర్హత అవుతుందా? తెలుగు మాతృభాషగా గలవారు మన వీధినిండా ఉన్నారు. "ఆమె వచ్చింది" అన్నప్పుడు స్త్రీకీ, పశువుకూ, వస్తువుకూ ఒకే క్రియారూపం ఎందుకు వాడుతున్నామో వారిలో ఎందరు విప్పి చెప్పగలరు? మాట్లాడడం వేరు, విడమరచి చెప్పడం వేరు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌనుకు తెలుగు తల్లిపాలతో వచ్చింది కాదు. పండితుల వద్ద కూర్చొని, తప్పులు దిద్దుకొంటూ నేర్చినాడు. అతని నిఘంటువులను నేటికీ మనం తిరగవేస్తున్నాము. బ్రౌను మనకు పరాయివాడని ఆ నిఘంటువులను పక్కన పెట్టినామా? పరభాషను కష్టపడి నేర్చినవాడికి ఒక లాభం ఉన్నది. ఏ మెట్టు దగ్గర కాలు జారుతుందో అతనికి స్వానుభవం.

కొరియా విద్యార్థి కాలు జారే మెట్లు చాలా వరకు మనకు పరిచితమైనవే. మన వాక్యంవలెనే వారి వాక్యంలోనూ కర్త, కర్మ వచ్చి, క్రియ చివర నిలుస్తుంది. మన విభక్తులవలె వారి ప్రత్యయాలు నామానికి వెనుక చేరుతాయి. ఆంగ్లంలోని "ఎ", "ద" అన్న చిన్న పదాలు వారికీ లేవు, మనకూ లేవు. "బస్" అన్న మాటకు మనం చివర అచ్చు చేర్చి "బస్సు" అంటాము. వారూ ఒక అచ్చు చేర్చి రెండక్షరాలుగా పలుకుతారు. గురువును వారు పేరు పెట్టి పిలువరు. మన "గారు" వంటి "నిమ్" చేర్చి గౌరవిస్తారు. అటువంటి తరగతిలో పిల్లవాడు నోరు మెదపకపోతే అది మందబుద్ధి కాదనీ, బిడియమో మర్యాదో కావచ్చుననీ మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ పోలికను ముందుగా గమనించినవారిలో కొరియాలో ఆంగ్లం బోధించిన ఉపాధ్యాయుడే ఒకడున్నాడు. అమెరికా వాసి హోమర్ హల్బర్ట్ 1886లో అక్కడి రాజకీయ పాఠశాలలో ఆంగ్లోపాధ్యాయుడుగా చేరినాడు. కొరియా భాషను శ్రద్ధగా నేర్చి, ద్రావిడ భాషలతో పోల్చి 1905లో ఒక వ్యాకరణ గ్రంథం ప్రకటించినాడు. ఈ రెండూ ఒకే తల్లి బిడ్డలన్న వాదాన్ని నేటి భాషాశాస్త్రజ్ఞులు అంగీకరించరు. నిర్మాణంలోని పోలికలు మాత్రం కాదనలేనివి. శిష్యుల భాష నేర్చిన ఆ గురువును కొరియావారు నేటికీ గౌరవంగా తలచుకొంటారు.

మన కళాశాలకు మరొక భాగ్యం ఉన్నది. కొరియా భాషలో "ఎఫ్", "జెడ్" ధ్వనులు లేవు. అచ్చ తెలుగులోనూ లేవు. కనుకనే మన పల్లెల్లోని పెద్దలు "కాపీ" త్రాగుతారు. ఉర్దూ ఇంట పుట్టిన బాలుడికి "ఫే", "జే" అక్షరాల ఉచ్చారణ ఒడిలోనే అబ్బుతుంది. పై పళ్ళు క్రింది పెదవికి ఎట్లా ఆనించవలెనో తెలుగు మిత్రునికి నేర్పగల గురువు అదే బెంచీ మీద ఉన్నాడు. ఇంట ఉర్దూ మాట్లాడి, తరగతిలో తెలుగు చెప్పే నాకు ఈ ఇచ్చిపుచ్చుకోవడం నిత్యానుభవం.

అయితే ఇంత మాత్రాన మనం సిద్ధంగా ఉన్నామని నేననను. పోలిక ఉన్నచోట పొరపాటూ పంచుకొంటాము. "ఇస్కూలు" అనే గురువు శిష్యునికి అదే నేర్పుతాడు. ర, ల లకు కొరియా లిపిలో ఒకే అక్షరం. ఆ తికమక మనకు లేదు కనుక దానిని ఓర్పుతో అర్థం చేసుకోవాలి. పుట్టుకతో ఆంగ్లం వచ్చినవాని సహజమైన నుడికారాన్నీ, చెవినీ నేను తక్కువ చేయడం లేదు. అవి లేని మనం సాధనతో పూరించుకోవాలి. మన తరగతుల్లో ఆంగ్లం ఇప్పటికీ వ్రాత పరీక్షకే పరిమితమై, నోటికీ చెవికీ చేరలేదు. ఇది మన లోపమే. దీనిని ఏ ఒప్పందమూ తీర్చదు.

కొరియా మనకు మునుపటంత దూరమూ కాదు. మన పొరుగు జిల్లాలో, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో, 2019లో కియా కార్ల కర్మాగారం ప్రారంభమయింది. ఆ దేశపు ఉద్యోగులు మన సీమలోనే నివసిస్తున్నారు.

కళాశాల సంఘంవారికి నా మనవి ఇది. వారానికి రెండు గంటలు ఆంగ్ల ఉచ్చారణ సాధనకు కేటాయించండి. ఆసక్తి గల విద్యార్థులకు కొరియా లిపి పరిచయం చేయించండి. చివరి సంవత్సరం విద్యార్థుల చేత చెన్నూరు బడిపిల్లలకు ఆంగ్లం చెప్పించండి. ఇక్కడి పిల్లలకు చెప్పలేనివాడు కొరియాలో ఏమి చెప్పగలడు? వీటికి కావలసిన ధనం స్వల్పం, పట్టుదలే అధికం.

విద్యార్థులారా, భాష దానిని శ్రమించి నేర్చినవానిది కూడా. తరువాత వెళ్ళే మీలో ఒకరిని పాఠం వినకుండా త్రిప్పి పంపవచ్చును. విన్నచోట మాత్రం వంక పెట్టడానికి వీలులేకుండా సిద్ధం కండి.