కారు కింద నీళ్లేవీ?

శ్రావణమాసం వానల్లో అరకు చూడాలన్న కోరిక మా ఆవిడది. పదహారేళ్ల నాటి మన కారులోనే వెళ్దామన్న పొదుపు నాది. వెనక సీట్లో అత్తయ్యగారూ, మా అమ్మాయీ. విశాఖలో బయల్దేరి ఎస్.కోట దాటేదాకా బాగానే ఉంది. ఘాట్ మొదలవగానే బండి ఆయాసపడుతోందని ఏసీ ఆపేశాను. పాత కారున్న వాళ్లందరూ చేసే పనే కదా. బ్లోయర్ మాత్రం తిరుగుతూనే ఉంది.

రెండు మలుపులు తిరిగానో లేదో, ముందు అద్దం మీద పాలు ఒలకబోసినట్టు తెల్లగా కమ్మేసింది. గుడ్డతో తుడిస్తే చారలు చారలుగా ఇంకా మసక. ఆ చారల సందులోంచి, కట్టెలమోపుతో రోడ్డంచున నడిచొస్తున్న ఒకావిడ కనపడింది. పక్కనే చిన్న పిల్లాడు. బ్రేకు మీద నిలబడ్డాను. బండి ఆగేసరికి వాళ్లకీ మాకూ మధ్య బారెడు దూరం. ఆవిడ ఏమీ అనలేదు. ఒకసారి నావైపు చూసి, పిల్లాణ్ని అవతలి పక్కకి మార్చుకుని వెళ్లిపోయింది.

అద్దాలు దించుకుని, తడుస్తూనే అనంతగిరి చేరాం. "ఆ గుడ్డ పెట్టి ఎన్నాళ్లని తుడుస్తారండీ? ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనుక్కోరా?" అంది మా ఆవిడ. కనుక్కోకపోవడమేం, రెండు నెలల కిందటే ఒకచోట చూపించాను. "గ్యాస్ తగ్గింది సార్" అని 1,800 రూపాయలు తీసుకుని నింపారు. గ్యాస్ నిండింది గానీ మసక పోలేదు.

తిరిగొచ్చాక మా వీధి చివర పెద్దాయన షెడ్డుకి తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తలేదు. మొదట అడిగింది ఒక్కటే: "మసక లోపలా, బయటా బాబూ?"

నేనెప్పుడూ గమనించలేదు. తెలుసుకోవడం చాలా తేలిక. లోపలినుంచి వేలితో గీయండి. గీత పడితే తేమ లోపలిది. పడకపోతే బయటిది. బయట ఉక్కగా ఉండి, మీరు ఏసీ గాలి నేరుగా అద్దానికి కొడుతుంటే, చల్లనీళ్ల గ్లాసుకి చెమట పట్టినట్టు అద్దానికి బయటివైపు పడుతుంది. దానికి వైపర్ వేసి, ఏసీ గాలి అద్దం మీదికి రాకుండా తిప్పితే చాలు.

లోపలిదైతే కారులో తేమ ఎక్కువైందని లెక్క. నలుగురి ఊపిరీ, తడిసిన గొడుగులూ, బట్టలూ అన్నీ కలిసి చల్లటి అద్దం మీద చేరతాయి. అప్పుడు ఏసీ ఆపకూడదు, వెయ్యాలి. ఏసీ చల్లబరచడమే కాదు, గాలిలోని నీటిని పిండేస్తుంది కూడా. చలిగా అనిపిస్తే హీటరు మీట వేడివైపు కాస్త జరపండి, గాలి అద్దంవైపు తిప్పండి. కారు బొమ్మలో బాణం గుండ్రంగా తిరిగే బటన్ ఉంటుంది చూడండి, దుమ్ము రాకుండా మనం ఎప్పుడూ నొక్కి ఉంచేది. అది తీసేసి బయటి గాలి రానివ్వండి. అద్దానికి లోపలివైపు అగరొత్తుల పొగా, చేతి జిడ్డూ పేరుకుంటే తేమ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడవాలి.

ఇవన్నీ చేసినా మాటిమాటికీ మసక వస్తుంటే, కారులో ఎక్కడో నీళ్లు నిలుస్తున్నాయన్నమాట.

పెద్దాయన ముందు సీటు ఎడమవైపు మ్యాట్ ఎత్తి, కార్పెట్ మీద అరచెయ్యి వేసి నొక్కాడు. వేళ్ల మధ్యనుంచి నీళ్లు ఉబికాయి. వాసన చూశాడు. "తియ్యటి వాసన లేదు, జిగురూ లేదు. హీటరు నుంచి కూలెంట్ కారట్లేదు, బతికిపోయావ్" అన్నాడు. కూలెంట్ కారితే అద్దం మీద నూనెపొరలా పడుతుంది, బానెట్ కింద డబ్బాలో మట్టం తగ్గుతూ పోతుంది. అది విషం కూడా, నాలుక మీద పెట్టి చూడకండి. తర్వాత తలుపుల బీడింగులు తడిమాడు. వైపర్ల కింద జాలీలో ఆకులు ఏరి, చెంబుడు నీళ్లు పోశాడు. నీళ్లు శుభ్రంగా కిందికి పోయాయి.

"ఏసీ వేస్తే కారు కింద నీళ్లు కారుతున్నాయా?"

ఆలోచిస్తే గుర్తొచ్చింది. వేసవి నుంచీ కారడం లేదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మడుగు కట్టడం లేదని సంతోషించాను కూడా!

ఏసీ పిండిన నీరు ఒక సన్నటి పైపులోంచి కారు కిందికి పోవాలి. ఆ పైపు మూతిలో కందిరీగ మట్టిగూడు కట్టింది. పోయే దారి లేక నీరంతా లోపలే నిలిచి, కార్పెట్‌లోకి దిగింది. ఘాట్‌లో నేను ఏసీ ఆపి బ్లోయర్ తిప్పడంతో, తడిసి ఉన్న ఏసీ కాయిల్ మీది నీరంతా ఆవిరై ఒక్కసారిగా అద్దానికి పట్టింది. పైపు బాగున్నా ఇలా కొంత పడుతుంది. మూసుకుపోతే ఇక చెప్పేదేముంది.

మెత్తటి తీగతో గూడు కదిలించగానే బురదనీళ్లు బొటబొటా కారాయి. కార్పెట్ విప్పి, కింది స్పాంజి రెండ్రోజులు ఎండబెట్టాం. మొత్తం ఖర్చు 300 రూపాయలు.

ఇప్పుడు ఉక్కపోసే రోజు ఏసీ వేసి పావుగంట తిరిగొచ్చాక, వంగి కారు కింద చూస్తాను. నీటిచుక్కలు పడుతుంటేనే లోపలికి వెళ్తాను. వాచ్‌మన్ "మళ్లీ మడుగు కడుతోంది సార్" అని సణుగుతున్నాడు. పాపం, అతనికి ఆ కట్టెలమోపు ఆవిడ చూపు తెలియదు కదా.