అణుబాంబు - చిల్లర నాణెం

అణుయుద్ధం మీద హాస్య సినిమా ఏమిటి, లక్షలమంది చావు నవ్వులాటా అని కొందరు మిత్రులు మమ్మల్ని అడుగుతుంటారు. స్టాన్లీ కుబ్రిక్ తీసిన 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్' (1964) చూసినవాళ్ళు ఆ మాట అనరని మా అభిప్రాయం.

ఈ సినిమాకు మూలమైన పీటర్ జార్జ్ నవల 'రెడ్ అలర్ట్' నవ్వించేది కాదు. కుబ్రిక్ కూడా మొదట గంభీరంగానే తీద్దామనుకున్నాడు. స్క్రిప్టు రాస్తుంటే ఉన్న సంగతులే నవ్వు తెప్పిస్తున్నాయని దారి మార్చుకున్నాడు. అప్పటికి 1962 అక్టోబరు నాటి క్యూబా సంక్షోభం ఇంకా జనం మనసుల్లో పచ్చిగానే ఉంది.

కథలో రిప్పర్ అనే అమెరికన్ జనరల్ అధ్యక్షుడికి చెప్పకుండానే రష్యా మీదికి బాంబర్లను పంపేస్తాడు. కారణం? తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ కలపడం కమ్యూనిస్టుల కుట్రని అతని నమ్మకం. (నల్లగొండ మిత్రులు ఇక్కడ అంత తేలిగ్గా నవ్వలేరు. అక్కడ పళ్ళ కోసం కొద్దిగా కలిపే ఫ్లోరైడే మన భూగర్భ జలాల్లో మోతాదు మించి ఎముకలు వంచేసింది. లేని కుట్రకు అక్కడ బాంబర్లు లేచాయి. ఉన్న విషానికి ఇక్కడ ఫైళ్ళు నత్తనడక నడిచాయి.)

మాకు బాగా నచ్చింది టెలిఫోన్ సీను. విమానాలను వెనక్కి పిలిచే కోడ్ మాండ్రేక్ అనే ఆఫీసరుకు తెలుస్తుంది. అధ్యక్షుడికి ఫోన్ చేయాలి. ఉన్నది కాయిన్ బాక్స్ ఫోను, జేబులో చిల్లర చాలదు! పక్కనే కోకాకోలా మెషిన్ ఉంది, దాన్ని పేల్చి నాణేలు తియ్యమంటే తుపాకీ ఉన్న కల్నల్ తటపటాయిస్తాడు. అది ప్రైవేటు ఆస్తి కదా! చివరికి పేలుస్తాడు గానీ, కంపెనీకి నువ్వే జవాబు చెప్పుకోవాలని హెచ్చరించి మరీ పేలుస్తాడు. భూగోళం కాలిపోతున్నా కంపెనీ ఆస్తికి గీత పడకూడదన్న బుద్ధిని ఇంతకన్నా సూటిగా చూపించిన ఉపన్యాసం మేము వినలేదు.

ఇదంతా అతిశయోక్తి అనేవారికి ఒక సంగతి. 1983 సెప్టెంబరు 26న అమెరికా నుంచి క్షిపణులు వస్తున్నాయని సోవియట్ కంప్యూటర్లు చూపించాయి. అది తప్పుడు హెచ్చరిక అయి ఉంటుందని స్టానిస్లావ్ పెట్రోవ్ అనే అధికారి తన బుద్ధితో నిర్ణయించుకున్నాడు. అతను అనుకున్నదే నిజమైంది. మబ్బుల మీద పడిన ఎండను ఉపగ్రహం క్షిపణులనుకుంది. ఆ రాత్రి డ్యూటీలో రిప్పర్ లాంటివాడు ఉంటే?

అసలు దెబ్బ చివర్లో ఉంది. ప్రళయం ఖాయమయ్యాక, కొన్ని లక్షలమందిని లోతైన గనుల్లో దాచవచ్చని డాక్టర్ స్ట్రేంజ్‌లవ్ సలహా ఇస్తాడు. ఎవరిని దాచాలి? వయసు, ఆరోగ్యం, తెలివి చూసి కంప్యూటర్ ఎంపిక చేస్తుందట. ప్రభుత్వంలో, సైన్యంలో ఉన్న పెద్దలకు మాత్రం ఏ పరీక్షా లేదు, వాళ్ళ కోటా ముందే ఖాయం! మెరిట్ గురించి మనకు పాఠాలు చెప్పేవాళ్ళు ఈ సీను తప్పక చూడాలి. ఎంపిక జాబితాలో పేరు కోసం నోటీసు బోర్డు ముందు నిలబడిన మనకు మాత్రం, ఆ గనిలోకి మన అమ్మానాన్నల పేర్లు వెళ్ళవని వేరే చెప్పనక్కర్లేదు. 1998 మేలో ఇక్కడా పాకిస్తాన్‌లోనూ అణు పరీక్షలకు మిఠాయిలు పంచుకున్నవాళ్ళు తమ పేరు జాబితాలో ఉందనుకున్నారేమో.

సినిమా గంటన్నరే, నలుపు తెలుపు. ఇంగ్లీషు గబగబా మాట్లాడతారు కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. పీటర్ సెల్లర్స్ ఇందులో మూడు వేషాలు వేశాడు. మాండ్రేక్ ఒకటి. మిగిలిన రెండూ జూనియర్లు కనిపెట్టాలి.